దండారి అతిథియా, అలంకారమా?

జైనూరు మండలములోని మార్లవాయి గ్రామ నివాసి, గుస్సాడి కనకరాజుగారు 2024వ సంవత్సరము అక్టోబరు మాసమున కీర్తిశేషులైరి. 2021లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదము ప్రకటించినపుడు, మార్లవాయి యే దిక్కున నున్నదో అంతవరకు ఎరుగని పట్టణవాసులు సైతము “మావాడు, మా జిల్లావాడు” అని చంకలు గుద్దుకొనిరి. వారు గతించిన నాడు పటములకు దండలు వేసి సంతాప సభలు జరిపిరి. దండలు వాడిపోయినవి, సభలు ముగిసినవి. ఇప్పుడు తాపీగా కూర్చుండి ఒక ప్రశ్న వేసికొనుట మన విధి యని తలచుచున్నాము. ఆ కళాకారుడు ఏ విద్యను తన గ్రామ యువకులకు నేర్పుచు ఆయుష్షు గడపెనో, ఆ విద్యకు మన పట్టణములు చేసిన ఉపకార మెట్టిది? దానిని మనతో సరితూగు సమాజముగా ఆదరించితిమా? లేక పిలిచినపుడు వచ్చి, ఆడుమన్నపుడు ఆడి, చాలునన్నపుడు తొలగిపోవు పరివారముగా చూచితిమా?

నిజమాడుటకు మేము వెనుదీయము. మనము రెండవ పనియే చేసితిమి, నేటికిని చేయుచున్నాము. పట్టణమునకు గొప్పవారు విచ్చేయుదు రనగానే వేదిక చుట్టును తోరణములు కట్టుదురు, బాట పొడవునను సున్నపు గీతలు గీయుదురు, దండారివారికి కబురంపుదురు. ఈ మూడు పనులును ఒకే పట్టికలో నుండును. తెల్లవారకముందే గూడెము విడిచి బండి యెక్కినవారు మిట్టమధ్యాహ్నమువరకు ఎండలో నిలిచి యుందురు. రావలసిన వాహనము వచ్చును. డప్పులు మ్రోగును. పది నిమిషముల ఆట. ఛాయాచిత్రములు తీసికొన్న పిమ్మట వారి వంక చూచువాడు లేడు. అన్నము దొరకెనా, తిరుగు ప్రయాణమునకు బండి యున్నదా, ఆ దినపు కూలి యెవరిచ్చెదరు అని విచారించు బాధ్యత ఏ యొక్కరికిని ఉండదు. దీనికి కళాపోషణ మని పేరు! తోరణమునకు కట్టిన మామిడాకునకును, గుస్సాడి తలపైని నెమలియీకకును భేదము తెలియనివారు కళను పోషించుచున్నా మనుట విన్నపుడు నవ్వవలెనో యేడ్వవలెనో తోచకున్నది.

పఠనమందిరములలో ఈ పత్రిక చదువు మిత్రులలో పలువురు దండారిని వీధి ఊరేగింపులలో మాత్రమే చూచియుందురు. కావున అది యెట్టిదో కొంత చెప్పుట అవసరము. ఆశ్వయుజ పౌర్ణమి గడచిన పిమ్మట, దీపావళి వెళ్ళువరకు, ఉట్నూరు, జైనూరు, ఆసిఫాబాదు ప్రాంతముల గోండు గూడెములలోను, కోలాముల పల్లెలలోను ఈ ఉత్సవము జరుగును. ముందుగా వాద్యములకును వేషసామగ్రికిని పూజ చేయుదురు. గుస్సాడి వేషధారులు నెమలియీకలు కూర్చిన పెద్ద కిరీటము ధరించి, ఒడలెల్ల బూడిద పూసికొని, భుజమున మేకతోలు వ్రేలవేసికొని, చేత కర్రబూని వ్రతధారులై యుందురు. వ్రతము ముగియువరకు స్నానము చేయరు. ఆ దినములలో వారియందు దేవుడే నిలిచియుండు నని ప్రజల విశ్వాసము. వారి వెంట యువకులు కొందరు స్త్రీవేషములు ధరింతురు. గుమేల, పర్ర, డోలు, పేప్రే మ్రోగుచుండగా బృందమంతయు ఊరు విడిచి పొరుగూరికి పోవును. రాత్రి యంతయు ఆటపాటలు, నడుమనడుమ ఊరందరిని నవ్వించు హాస్యపు ఆటలు. తుదకు కోలబోడితో వేషములు విప్పి, వ్రతమును ముగింతురు.

ఇందులో ఏది నాటకము కాదు? వేషమున్నది, వాద్యమున్నది, హాస్యమున్నది, అభ్యాసమున్నది, ఊరూర తిరుగు క్రమమున్నది, కన్నులార్పక చూచు ప్రేక్షకుడున్నాడు. లేనివి రెండే: టిక్కెట్టు, యజమాని. లాభమున కాశింపని నాటక సమాజములు వలయునని పట్టణములలో తీర్మానములు చేయు పెద్దలు, అట్టి సమాజములు తమ ముంగిటనే తరతరములుగా నడచుచున్నవని కానకుండుట వింత గాదా?

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి గలదు. దండారి ఊరక తిరుగు గుంపు కాదు. దానికొక న్యాయమున్నది. బృందము వచ్చిన యూరివారు ఎదురేగి తోడ్కొని వత్తురు, విడిది చూపుదురు, భోజనము పెట్టుదురు. వచ్చినవారు ఆడుదురు, ఊరివారును వారితో కలిసి యాడుదురు. ఏయే తెగల నడుమ వియ్యము చెల్లునో చూచుకొని పోవుట కలదు గనుక, ఆ రాకపోకలలో పెండ్లిమాటలును పొసగును. పిమ్మట వీరి బృందము వారి యూరికి పోవును. ఆతిథ్యమునకు బదులు ఆతిథ్యము, ఆటకు బదులు ఆట. చేయిచాచు వాడును లేడు, దయతలచి విసరు వాడును లేడు. ఒక సమాజము తన రంగస్థలమును సంపద లేకయే పోషించుకొనుటకు ఇంతకంటె నిర్దుష్టమైన యేర్పాటు మేమెరుగము.

ఈ న్యాయమే మన పట్టణపు పొలిమేరలో ఆగిపోవుచున్నది. గూడెమునకు గూడెము అతిథి మర్యాద చేయుచుండగా, ఎత్తయిన మేడలును వెడల్పయిన బాటలును గల పట్టణమునకు ఆ మర్యాద తెలియలేదు. అనాగరికు లెవరు?

“వారు లాభము కోరరు గదా, డబ్బు ప్రసక్తి యెందుకు?” అని కొందరు సాధువాక్యము పలుకుదురు. లాభము కోరకుండుట వేరు, ఖర్చు లేకుండుట వేరు. నెమలియీకల కిరీటము కూర్చుట దినముల తరబడి పని. వాద్యమునకు తోలు మార్పించవలెను. దీపావళి దినములలో చేలయందు ప్రత్తి విచ్చియుండును. ఏరువాడు ఒక దినము ఇల్లు విడిచినచో ఆ దినపు రాబడి నేలపాలగును. తన దేవుని కొరకు, తన చుట్టముల కొరకు వాడు ఆ నష్టమును సంతోషముగ భరించును. అది వాని ధర్మము. మన సభకు శోభ కూర్చుట కొరకు వాడేల భరింపవలెను? వేదికకు మైకు పెట్టినవానికి అద్దె ముట్టును, గుడారము వేసినవానికి ముట్టును, పూలదండలవానికి ముట్టును. ఆడినవానికి మాత్రము చప్పట్లు! చప్పట్లతో పొయ్యి రాజుకొనునా?

రంగస్థలమును ఊరు పోషింపవలె ననుట మేము క్రొత్తగా కనిపెట్టిన మాట కాదు, తెలుగునాటక చరిత్రమే చెప్పుమాట. బళ్ళారి పట్టణపు విద్యాధికులు సరసవినోదినీ సభగా కూడియుండుటచేతనే ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి చిత్రనళీయము 1887లో రంగమెక్కినది. విజయనగరమున జగన్నాథ విలాసినీ సభ యుండబట్టియే గురజాడవారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడినది. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో కీచకవధతో బయలుదేరిన వనారస గోవిందరావుగారి సురభి నాటక కుటుంబము ఊరూర తిరిగి, ఊరూర ఆదరమంది, తరములు మారినను నేటివరకు నిలిచినది. 1929లో తెనాలియందు ఆంధ్ర నాటక కళాపరిషత్తు వెలసినది. వీనిలో ఏదియు ఒక్కని మేధాశక్తిచే బ్రతుకలేదు. ఊరివారు చందా లిచ్చిరి, ఇండ్లు చూపిరి, రాత్రులు మేలుకొని చూచిరి, బాగుగ లేనపుడు బాగుగ లేదనిరి.

పరదేశముల వంక చూతము. ఆంగ్లేయుల యేలుబడిలో నలిగిన ఐర్లండు దేశీయులు 1904లో డబ్లిన్ నగరమున ఆబీ నాటకశాలను నెలకొల్పిరి. తమ పల్లెటూళ్ళ బ్రతుకును, తమ ప్రజల నుడికారమును రాజధానీ రంగముమీదికి తెచ్చుట వారి యుద్దేశము. స్వరాజ్యము వచ్చిన కొలది యేండ్లకే, 1925లో, వారి ప్రభుత్వము ఆ శాలకు ధనసహాయ మారంభించినది. యుద్ధములచే చితికి, ఖజానా బోసిపోయియున్న క్రొత్త రాజ్యము ఆ పని చేసినది. డబ్బు మిగిలిన తరువాత చూచుకొందమని వారు తలపలేదు. మన పట్టణములో? బాటలు కావలె నందుము, దీపములు కావలె నందుము, దుకాణముల సముదాయములు కావలె నందుము. పదిమంది కలిసి కూర్చుండు చోటు కావలె నని అడుగువాడు వెర్రివాడు.

తెలంగాణములో ఈ మాటకు మరియొక అర్థము గలదు. నైజాము ప్రభుత్వ దినములలో, గస్తీ నిషాన్ 53 అమలున నున్నపుడు, సభ జరుపవలెనన్న ముందుగా సర్కారువారి అనుమతి పొందవలసి యుండెను. గ్రంథాలయములు నెలకొల్పిన మన పెద్దలు ఆ యడ్డంకుల నడుమనే ప్రజలను కూర్చిరి. కూడుట యందు శక్తి యున్నదని పాలకు లెరిగిరి గనుకనే అడ్డుపడిరి. నేడు ఆ గస్తీ లేదు, ఆ సర్కారును లేదు. మనకు అడ్డుపడునది మన సోమరితనమొక్కటే. నాడు తలుపు మూసి కావలియుండిరి. నేడు తలుపు తెరచియున్నను లోపల చాప పరచువాడు లేడు.

ఇక మాకు వినవచ్చు ఆక్షేపణలకు ప్రత్యుత్తర మిత్తుము.

“దండారి దైవకార్యము, దానిని నాటక మనుట అపచారము” అని మొదటి ఆక్షేపణ. ఇది గౌరవింపదగిన మాట. దైవకార్య మని మేమును ఒప్పుకొనుచున్నాము. మన వీథినాటకములును యక్షగానములును దేవుని తలచియే మొదలగును గదా! దైవమునకును ఆటకును వైరము లేదు. కాని ఈ మాట నిజమైనచో దాని ఫలితమును గూడ ఒప్పుకొనవలెను. వ్రతమునకు ఋతువున్నది, నియమమున్నది. కాలము కాని కాలమున ఆ కిరీటమును స్వాగత సన్నాహములకు తెప్పించుట యెట్టి పని? మన గుడిలోని ఉత్సవవిగ్రహమును వేసవిలో ఎవరో పెద్దమనిషి వచ్చుచున్నాడని పల్లకిలో నెక్కించి బాటప్రక్క నిలుపుదుమా? ఆదివాసి పెద్దలు కొందరు ఈ సంగతినే చెప్పుచు, గుస్సాడి వేషమును బజారున కీడ్వవలదని వారించుచున్నారు. వారి మాటను ఆలకింపనివారికి దైవకార్యమని అడ్డుచెప్పు అధికారము లేదు.

“ప్రభుత్వము దండారి బృందములకు సొమ్మిచ్చుచునే యున్నది గదా” యని రెండవది. ఇచ్చుట మంచిదే, మేము కాదనము. కాని ప్రభుత్వ ద్రవ్యము గూడెమునకు చేరినంత మాత్రమున పట్టణవాసి ఋణము తీరదు. ప్రేక్షకుని పనిని ఖజానా చేయలేదు. ఒక యింటికి వచ్చిన చుట్టమునకు తహసీలు కార్యాలయమువారు భోజనము పెట్టినచో ఆ యింటివారి పరువు నిలుచునా?

“జైనూరు ఎంత? మండల కేంద్రము, అంగడి యూరు. ఇచ్చట నాటకశాల యేమిటి? సినిమా యున్నది, చేతిలో ఫోను ఉన్నది” అని మూడవది. దీనికే మేము గట్టిగా జవాబు చెప్పదలచితిమి. జైనూరు చిన్న యూరే. ఉట్నూరునుండి ఆసిఫాబాదునకు పోవు బాటమీద, గోండులు, కోలాములు, లంబాడీలు, మైదానమునుండి వచ్చినవారు, హిందువులు, మహమ్మదీయులు కలిసి బేరములాడుకొను ఊరు. అంగడిలో అందరును కలియుదురు. కాని బేరము ముగియగానే ఎవరి దారి వారిది. ఒకరి పండుగకు ఒకరు పోయి కూర్చుండు చోటు లేదు. 2024 సెప్టెంబరు మాసమున అచ్చట నొక ఆదివాసి స్త్రీపై దౌర్జన్యము జరిగినది. దాని వెంట అల్లరులు చెలరేగి, దుకాణములు తగులబడి, నిషేధాజ్ఞలు విధింపవలసి వచ్చినది. ఆమెకు న్యాయము చేకూర్చుట న్యాయస్థానముల విధి. అది ఏ నాటకమువలనను తీరునది కాదు. అటులనే ఒకని నేరమునకు వీథి వీథి నంతయు దండించుట న్యాయము గాదని చెప్పుటకు నాటకము అవసరము లేదు. కాని ఆ నాడు ఒకరి నొకరు ఆపగలిగినవారు ఎందరు? పొరుగువాని పేరు తెలిసి, వాని పిల్లలు తెలిసి, వాని ఆట చూచి నవ్వియుండినవాడు వాని దుకాణమునకు అడ్డముగ నిలుచును. సరకు ధర మాత్రమే తెలిసినవాడు ఇంటిలోనికి పోయి తలుపు వేసికొనును. రంగస్థలము అల్లరులను మాన్పు మందని మేము చెప్పము. పొరుగువారు పొరుగువారుగా నిలుచుటకు వలయు పరిచయము ఊరికే పుట్టదు, దానికొక చోటు కావలె నని మాత్రము చెప్పుచున్నాము. చిన్న యూరునకు ఈ యవసరము పెద్ద నగరమునకంటె నెక్కువ. నగరమున తెలియనివానినుండి తప్పుకొని బ్రతుకవచ్చును. జైనూరున తప్పుకొను వీథియే లేదు.

ఫోను ఉన్నదందురా? ఫోనులో గుస్సాడిని చూచినవాడు గుస్సాడిని చూచును, గుస్సాడి వానిని చూడడు. ఆ రెండవ చూపే లేనిచో ఆతిథ్యమెక్కడిది?

గతమున నొక దృష్టాంతము గలదు. 1940లో జోడేఘాటున కుమురం భీము నేలకూలిన పిమ్మట, గోండుల అశాంతికి కారణము లేమని తెలిసికొనుటకు నైజాము ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడైన హైమండార్ఫుగారిని నియమించినది. ఆయన జిల్లా కేంద్రమున కుర్చీ వేసికొని గోండులను రప్పించుకొనలేదు. భార్య బెట్టీ ఎలిజబెత్తుగారితో మార్లవాయిలో గుడిసె వేసికొని నివసించెను. గోండీలో చదువు చెప్పు ఉపాధ్యాయులకు అచ్చటనే శిక్షణ యిప్పించెను. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు ప్రజల యెదుటకు పోయి మొరలాలకించు దర్బారు ఆ దశకమునందే మొదలై నేటికిని జరుగుచున్నది. 1987లో బెట్టీగారు మరణించినపుడు ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. విదేశీయులు, అందును పరుల ప్రభుత్వమునకు ఉద్యోగము చేయ వచ్చినవారు, గూడెమునకు పోవలెనని తెలిసికొనిరి. స్వరాజ్యములో, కొలది మైళ్ళ దూరమున నున్న మనము తెలిసికొనలేదు. ఈ సిగ్గు మన కుండవలెను.

విమర్శించి ఊరకుండుట సులభము, కావున చేయదగిన పనులను గూడ చెప్పుచున్నాము. మొదటిది, గుస్సాడి వేషమును స్వాగతముల కొరకు పిలుచుట నేటితో మానవలెను. నాయకులు తామే వలదని చెప్పిన మరింత గౌరవము. రెండవది, దండారి దినములలో పట్టణ సమాజములు, గ్రంథాలయములు, విద్యార్థి సంఘములు పెద్దల అనుమతి గైకొని గూడెమునకు అతిథులుగా పోవలెను. చేత బియ్యమో పప్పో పట్టుకొని పోవలెను. కెమెరాను జేబులో నుంచి, చాపమీద కూర్చుండి చూడవలెను. మూడవది, వ్రతముతో సంబంధములేని ఆటపాటలకు, గోండీ హాస్యములకు, ప్రధానుల కిక్రీ గానమునకు పట్టణమునకు పిలిచినపుడు ప్రయాణము, భోజనము, విడిది, దినవేతనము ముందుగా నిశ్చయించి, ఆడిన రాత్రియే చేతికీయవలెను. నాలుగవది, జైనూరులోను, ఉట్నూరులోను, ఆసిఫాబాదులోను అద్దె లేని కప్పుగల రంగమొకటి ఉండవలెను. దాని నిర్వహణ సంఘములో గూడెముల పెద్దలకు సగము స్థానములు ఉండవలెను. లెక్కలు గోడకు అంటింపవలెను. అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, బదులు పోవుట. పట్టణ యువకులు ఒక నాటకమును సిద్ధపరచి, తెలుగుతో గోండీని కలిపి, గూడెమునకు పోయి ఆడవలెను. బాగుగ లేనిచో గూడెమువారు నవ్వుదురు. నవ్వనిండు! వారి ఆటను చూచి తీర్పు చెప్పు హక్కు మనకున్నపుడు, మన ఆటను చూచి తీర్పు చెప్పు హక్కు వారికి లేకుండునా?

ఇందులో కోట్ల వ్యయమేమియు లేదు. ఒక్క స్వాగత సభ తోరణములకగు ఖర్చును మిగిల్చినచో మొదటి మూడు పనులును సాగును. కావలసినది ధనము కాదు, మర్యాద.

కనకరాజుగారికి బిరుద మిచ్చినది దేశము. ఆయన విద్యను నిలుపవలసినది ఊరు. దేశము తన పని చేసినది. రాబోవు దీపావళికి మార్లవాయిలో గుమేల మ్రోగును, అందు సందేహము లేదు. మనము పిలిచినను మ్రోగును, పిలువకున్నను మ్రోగును. ఆ ధ్వని విన్నపుడు పట్టణమునుండి ఎవరు బయలుదేరుదురు, ఏమి చేతబట్టుకొని పోవుదురు, పోయి యెక్కడ కూర్చుందురు అనునదియే ప్రశ్న. అతిథిని అలంకారముగా నిలిపిన యూరు ఎంత పెరిగినను అంగడియే యగును, నగరము కాజాలదు. ఈ మాట కటువుగా తోచిన పాఠకులు మమ్ము దూషింపవచ్చును. కాని దూషించుటకు ముందొక్క రాత్రి గూడెమునకు పోయి చూచి రావలె నని మాత్రము వేడుచున్నాము.